వజీఫా లేని వృద్ధాప్యం: ముందుగా చేసుకోవలసిన ఏర్పాటు



మన పాతబస్తీలో పింఛనును పెద్దలు ఇప్పటికీ 'వజీఫా' అనే అంటారు. ఉద్యోగ విరమణ చేసినవారు 'వజీఫాయాబ్'. ఆ మాట పలికేటప్పుడు గొంతులో ఒక గౌరవం వినిపిస్తుంది. నెల మొదట్లో ఎవరి ముందూ చెయ్యి చాచకుండా చేతికి వచ్చే సొమ్ము అది. అయితే ఆ మాట చెల్లే వాళ్లు మన మొహల్లాల్లో ఎందరున్నారు? మా తరగతి గదిలో కూర్చునే పిల్లల తండ్రుల పనులు చూస్తే జవాబు దొరుకుతుంది. ఆటో నడిపేవారు, లాడ్ బజార్ గాజుల పనివారు, కార్‌చోబ్ మగ్గం మీద జరీ కుట్టేవారు, పథర్‌గట్టీ దుకాణాల్లో గుమాస్తాలు, తోపుడు బండ్లవారు, వెల్డింగు పనివారు. తల్లుల్లో చాలామంది ఇంట్లో కూర్చుని గాజులకు రాళ్లు అతికేవారు, బట్టలు కుట్టేవారు. వీరిలో ఎవరికీ ఏ యజమానీ వజీఫా ఇవ్వడు.

మేము ఉపాధ్యాయులం, ఆర్థిక నిపుణులం కాము. కానీ లెక్క చెప్పడం మా వృత్తి. మేమూ యాభై దాటినవాళ్లమే గనుక ఈ లెక్క మాకూ వర్తిస్తుంది. ప్రతి ఏటా రమజాన్ ముందు సొసైటీలకు వచ్చే జకాత్ దరఖాస్తుల్లో వృద్ధులవి ఎన్నో ఉంటాయి. వారిలో జీవితమంతా కష్టపడి సంపాదించినవారే ఎక్కువ. నలభై ఏళ్లు పది మందికి పెట్టిన చెయ్యి చివరి పదేళ్లు పుచ్చుకోవలసి రావడం వారికి ఎంత బాధో దరఖాస్తు రాసిపెట్టేవారికి తెలుసు. ఇచ్చే చెయ్యి ఎప్పటికీ ఇచ్చే చెయ్యిగానే ఉండాలంటే ఏం చేయాలన్నదే ఈ వ్యాసం విషయం.

ఆగిపోయిన వజీఫాల చరిత్ర

ఒకరు ఇచ్చే భృతి మీద మొత్తం జీవితాన్ని నిలబెడితే ఏమవుతుందో మన నగరానికి తెలిసినంతగా మరే నగరానికీ తెలియదేమో. ఆసఫ్ జాహీల కాలంలో పాతబస్తీలో ఎన్నో కుటుంబాలు జాగీర్ల మీద, మన్సబుల మీద, పాయిగా కచేరీల మీద, ప్రభువు సైన్యంలో కొలువుల మీద బతికాయి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. మరుసటి ఏడాది, 1949లో, జాగీర్ల రద్దు చట్టం వచ్చింది. జాగీర్దారుకు కొంత పరిహారమైనా దక్కింది. ఆయన దగ్గర పనిచేసిన మునిషీకి, దర్బానుకి, వంటవాడికి ఏ హక్కూ మిగలలేదు. చేతిలో పని ఉన్నవాళ్లు ఎలాగో నిలదొక్కుకున్నారు. కొలువు తప్ప మరేమీ లేనివాళ్లు ఇంట్లో రాగి గిన్నెలతో మొదలుపెట్టి చివరికి ఇంటి తలుపుల దాకా అమ్ముకున్నారు.

అంతెందుకు, సంస్థానాధీశులకు భారత ప్రభుత్వం రాజ్యాంగబద్ధంగా హామీ ఇచ్చిన రాజభరణాలు కూడా 1971లో 26వ రాజ్యాంగ సవరణతో ఆగిపోయాయి. నిజాం వంశానికే ఆగిన వజీఫా సామాన్యుడికి ఆగదని ఎవరు చెప్పగలరు? ప్రభుత్వాలను నిందించడానికి ఈ మాట అనడం లేదు. ఇచ్చేవాడి చేతిలో ఉన్నది మన చేతిలో ఉన్నట్టు కాదని గుర్తుచేయడానికే.

నేడు ప్రభుత్వం ఇస్తున్నది ఎంత?

మొదట సర్కారీ ఉద్యోగుల సంగతి. 2004 సెప్టెంబరు 1కి ముందు మన రాష్ట్ర ప్రభుత్వ సర్వీసులో చేరినవారికి పాత పద్ధతిలో పింఛను ఉంది. పూర్తి సర్వీసు ఉంటే చివరి మూల వేతనంలో సగం, దాని మీద కరువు భత్యం వస్తాయి. ఆ తేదీ తరవాత చేరినవారిది కంట్రిబ్యూటరీ పద్ధతి. ఉద్యోగి జీతంలోంచి పది శాతం కోస్తారు, ప్రభుత్వం మరో పది శాతం కలుపుతుంది. ఆ నిధి ఎంత పెరిగితే దాన్నిబట్టే విరమణ తరవాత రాబడి ఉంటుంది. అంటే సర్కారీ నౌకరీ ఉన్నవారు కూడా ఇక నిశ్చింతగా ఉండడానికి లేదు.

రెండవది ప్రైవేటు ఉద్యోగులు. ఇరవై మంది లేక అంతకు మించి పనిచేసే సంస్థకు ప్రావిడెంట్ ఫండు చట్టం వర్తిస్తుంది. అందులోనే 1995 నాటి పింఛను పథకం ఉంది. కనీసం పదేళ్ల సర్వీసు ఉంటే నెలవారీ పింఛను వస్తుంది. పింఛనుకు లెక్కించే జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగిస్తే వచ్చేదే ఆ మొత్తం. నెలకు 10,000 జీతంతో 20 ఏళ్లు పనిచేసిన ఒక ప్రైవేటు బడి టీచరుకు ఈ లెక్కన 2,857 రూపాయలు వస్తాయి. ఈ పథకంలో కనీస పింఛను 2014 సెప్టెంబరులో వెయ్యి రూపాయలుగా నిర్ణయించారు. పదేళ్లు దాటినా అది వెయ్యిగానే ఉంది.

మూడవది మనలో అత్యధికులకు సంబంధించినది. తెలంగాణలో 2014 నవంబరులో ఆసరా పింఛన్లు మొదలయ్యాయి. అంతకుముందు 200గా ఉన్న వృద్ధాప్య పింఛను వెయ్యి అయింది. 2019లో 2,016 రూపాయలయింది. 2022లో అర్హత వయసును 57 ఏళ్లకు తగ్గించారు. ఇది రాసే నాటికి మొత్తం 2,016 దగ్గరే ఉంది. సాధారణంగా ఇంటికి ఒక్కరికే ఇస్తారు. అర్హులైన ప్రతి ఒక్కరూ దీన్ని తప్పక తీసుకోవాలి, ఇది హక్కు. కానీ దీని మీదే ఇల్లు నడపగలమా?

ఒక ఇంటి లెక్క

ఉదాహరణకు అరవై దాటిన భార్యాభర్తలను తీసుకుందాం. షాలిబండలో చిన్నదైనా సొంత ఇల్లు ఉంది, అద్దె బాధ లేదు. బియ్యం, పప్పు, నూనె, గ్యాసు, కరెంటు, బీపీ షుగర్ మందులు, పెళ్లిళ్లకూ పరామర్శలకూ రాకపోకలు అన్నీ కలిపి ఎంత పొదుపుగా ఉన్నా నెలకు 12,000 అనుకుందాం. సర్కారు ఇచ్చేది 2,016 పోగా నెలకు సుమారు 10,000 తక్కువ. ఏడాదికి 1,20,000. పదిహేనేళ్లు బతికితే 18 లక్షలు. ఈ లెక్కలో ధరల పెరుగుదల లేదు, ఆసుపత్రి ఖర్చు లేదు. ఆరోగ్యశ్రీ ఆసుపత్రిలో చేరినప్పుడు ఆదుకుంటుంది గాని నెలనెలా కొనే మాత్రలకు డబ్బివ్వదు.

18 లక్షలనగానే గుండె జారుతుంది. కానీ ఇదంతా నగదుగా పోగుచేయాలని కాదు. నులక మంచానికి నాలుగు కోళ్లు ఉన్నట్టే వృద్ధాప్యానికీ నాలుగు ఆధారాలు ఉండాలి. ఒకటి ప్రభుత్వం ఇచ్చేది. రెండవది మనం ముందే కొంత కట్టుకుని పొందే పింఛను. మూడవది అద్దె గాని, వ్యాపారంలో వాటా గాని, నెలనెలా వచ్చే రాబడి. నాలుగవది నిలవ. ఒక్క కోడు మీద ఏ మంచమూ నిలవదు.

కొడుకులే మా వజీఫా అనే మాట

చాలామంది పెద్దలు 'కొడుకులే మా వజీఫా' అంటారు. తల్లిదండ్రులను చూసుకోవడం సంతానం మీద దైవం పెట్టిన బాధ్యత, అందులో సందేహం లేదు. కానీ ఆ కొడుకు కూడా దినసరి సంపాదన మీద నలుగురు పిల్లల్ని చదివించుకుంటున్నాడు. అతని మీద మోపే బరువు తగ్గించడం కూడా ప్రేమే. తండ్రి దగ్గర మందుల ఖర్చుకు సొంత డబ్బు ఉన్న ఇంట్లో కొడుకూ కోడలూ చేసే సేవలో విసుగు తక్కువ ఉంటుంది.

గల్ఫ్ సంపాదన విషయమూ ఇంతే. బార్కాస్, చాంద్రాయణగుట్ట, యాకుత్‌పురాల్లో సౌదీ, కువైట్, దుబాయి డబ్బుతో లేచిన ఇళ్లు ఎన్నో. 2017 జులై నుంచి సౌదీ ప్రభుత్వం విదేశీ ఉద్యోగుల కుటుంబ సభ్యుల మీద తలకింత అని నెలవారీ రుసుము పెట్టింది. ఏటేటా పెంచుతూ పోయింది. దానితో ఎన్నో కుటుంబాలు సామాను సర్దుకుని తిరిగివచ్చాయి. ఇరవై ఏళ్ల గల్ఫ్ సంపాదన చెల్లెళ్ల పెళ్లిళ్లకూ ఇంటి పైఅంతస్తుకూ పోయి, యాభై ఏళ్ల వయసులో ఖాళీ చేతులతో దిగినవారిని మనం చూస్తూనే ఉన్నాం. అక్కడి చట్టం ప్రకారం ఉద్యోగం ముగిసినప్పుడు సేవా ప్రతిఫలం వస్తుంది. మొదటి అయిదేళ్లకు ఏడాదికి అరనెల జీతం, ఆ తరవాత ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం. ఇంకా అక్కడున్న సోదరులు ఆ ఒక్క మొత్తాన్నయినా పెళ్లి ఖర్చులో కలపకుండా తమ వృద్ధాప్యానికి అని విడిగా ఉంచాలని మా విన్నపం.

చేతిపనివారికి విరమణ ముందే వస్తుంది

ఇంకో సంగతి గమనించాలి. కచేరీ ఉద్యోగి అరవైలో విరమిస్తాడు. కార్‌చోబ్ పనివాడికి నలభై అయిదు దాటేసరికి సూది కన్ను ఆనదు. నిప్పుల కుంపటి దగ్గర లక్క కరిగించి గాజు చుట్టేవారికి వేళ్లూ నడుమూ ముందే మొరాయిస్తాయి. ఆటో నడిపేవారి వెన్ను సంగతి చెప్పనక్కరలేదు. వీరికి విరమణ తేదీ చెప్పే కాగితం రాదు. పని తగ్గుతూ వస్తుంది, రేటు తగ్గుతూ వస్తుంది, ఒకరోజు మగ్గం మీద కొడుకు కూర్చుంటాడు. కనుక చేతిపనివారు 'అరవై వచ్చాక చూద్దాం' అనడానికి వీల్లేదు. వారి గడువు యాభై అని పెట్టుకోవాలి.

సర్కారు సాయంతో మనమే కట్టుకునే పింఛన్లు

ఇరవై నుంచి నలభై ఏళ్ల లోపు వారికి రెండు పథకాలున్నాయి. మొదటిది 2015 మేలో వచ్చిన అటల్ పింఛను యోజన. 18 నుంచి 40 ఏళ్ల వయసు వారు, ఆదాయపు పన్ను కట్టనివారు, బ్యాంకులో గాని పోస్టాఫీసులో గాని చేరవచ్చు. అరవై ఏళ్ల తరవాత నెలకు 1,000 నుంచి 5,000 దాకా, మనం ఎంచుకున్నంత వస్తుంది. 5,000 పింఛనుకు 18వ ఏట చేరితే నెలకు 210 రూపాయలు, 25వ ఏట 376, 30వ ఏట 577, 35వ ఏట 902, 40వ ఏట 1,454 కట్టాలి. ఆలస్యం ఖరీదు ఎంతో ఈ అంకెలే చెబుతున్నాయి. చందాదారు మరణిస్తే జీవిత భాగస్వామికి అదే పింఛను కొనసాగుతుంది. ఇద్దరి తరవాత నామినీకి 8.5 లక్షలు వస్తాయి.

రెండవది 2019లో వచ్చిన ప్రధానమంత్రి శ్రమయోగి మాన్‌ధన్. నెలకు 15,000 లోపు ఆదాయం ఉన్న అసంఘటిత కార్మికులకు ఇది వర్తిస్తుంది. వయసునుబట్టి 55 నుంచి 200 రూపాయల దాకా మనం కడితే అంతే మొత్తం కేంద్రం కలుపుతుంది. అరవై తరవాత నెలకు 3,000 వస్తుంది. పింఛను తీసుకుంటున్న వ్యక్తి మరణిస్తే భార్యకు గాని భర్తకు గాని సగం ఇస్తారు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. నేడు ముప్ఫై ఏళ్ల యువకుడికి 5,000 పింఛను అందేది ముప్ఫై ఏళ్ల తరవాత. ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే ఆనాటి 5,000 నేటి 870 రూపాయల పాటి. అంటే స్థిరంగా ఉండే రూపాయి కరిగిపోతూ ఉంటుంది. అందుకే ధరలతోపాటు తానూ పెరిగేది ఒకటైనా మన దగ్గర ఉండాలి. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోదలిస్తే దీన్ని గుర్తుంచుకోండి.

వడ్డీ ప్రశ్న

ఇక్కడే మనలో చాలామంది ఆగిపోతారు. బ్యాంకు డిపాజిట్టు, పోస్టాఫీసు పథకం, అన్నీ సూద్‌తో కూడినవేనన్న భయంతో ఏమీ చేయకుండా ఉండిపోతారు. పైన చెప్పిన పింఛను పథకాల విషయంలోనూ కొందరికి ఈ సందేహం ఉంది. ఫత్వా చెప్పడం మా పని కాదు. మీరు నమ్మే ఆలిమ్‌ను అడిగి నిర్ణయించుకోండి. కానీ వడ్డీ వద్దనుకోవడం వేరు, పొదుపు వద్దనుకోవడం వేరు. యూసుఫ్ అలైహిస్సలాం ఏడు మంచి పంటల ధాన్యాన్ని ఏడు కరువు ఏళ్ల కోసం వెన్నుల్లోనే ఉంచి దాచిన వృత్తాంతం మనందరికీ తెలుసు. అందులో వడ్డీ లేదు, ముందుచూపు ఉంది.

మన దేశంలో వడ్డీలేని బ్యాంకింగు గురించి ప్రయత్నం జరగకపోలేదు. 2008లో రఘురాం రాజన్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ దాన్ని సిఫారసు చేసింది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని నిర్ణయించింది. అయినా దారులు మూసుకుపోలేదు.

మన హైదరాబాదుకే ఇందులో పాత అనుభవం ఉంది. బిలా సూద్ కర్జ్ ఇచ్చే అంజుమన్లు నిజాం పాలనలోనే ఇక్కడ పనిచేశాయి. ఈ నగరంలోనే పుట్టిన ప్రసిద్ధ పండితులు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా వాటి గురించి 1950లలోనే రాశారు. మలేషియాలో 1963లో మొదలైన తాబుంగ్ హాజీ కూడా ఇలాంటిదే. పల్లెటూరి రైతులు హజ్ కోసం డబ్బును కుండల్లో దాచుకునేవారు, లేక పొలం అమ్ముకుని వెళ్లి తిరిగొచ్చాక నిరుపేదలయ్యేవారు. వారి చిన్న చిన్న మొత్తాలను పోగుచేసి, ధర్మబద్ధమైన వ్యాపారాల్లో పెట్టి, లాభం పంచారు. 'ఖత్రా ఖత్రా దర్యా' అని మన పెద్దలు అనేది ఇదే.

సాధారణ కుటుంబానికి అందుబాటులో ఉన్నవి చూద్దాం. మొదటిది అద్దె. ఇంట్లో ఒక గదినో, వీధివైపు ఒక మల్గీనో అద్దెకివ్వగలిగితే అది ఎవరి అభ్యంతరమూ లేని రాబడి, ధరలతో పెరిగే రాబడి. పైఅంతస్తు వేసేటప్పుడు దర్వాజాకు చెక్కడాల మీద పెట్టే ఖర్చు తగ్గించి వేరే మెట్లు, వేరే స్నానాల గది కట్టుకుంటే ఆ అంతస్తు వృద్ధాప్యంలో అన్నం పెడుతుంది. రెండవది బంగారం. నగలకు తరుగు, మజూరీ పోతాయి. బిళ్లగానో కాసుగానో కొంటే ఆ నష్టం తక్కువ. మూడవది నమ్మకమైన వ్యాపారంలో రాతపూర్వకమైన వాటా. లాభమైనా నష్టమైనా పంచుకునే షరతుతో, సాక్షుల సంతకాలతో ఉండాలి.

నాలుగవది షరియత్ నియమాల ప్రకారం కంపెనీలను వడపోసి పెట్టుబడి పెట్టే మ్యూచువల్ ఫండ్లు. టాటా ఎథికల్, టారస్ ఎథికల్ అనేవి అలాంటివి. ఇవి సెబీ పర్యవేక్షణలో ఉంటాయి. బ్యాంకులు, మద్యం, జూదం వంటి వ్యాపారాల వాటాలు, అప్పులు ఎక్కువగా ఉన్న కంపెనీల వాటాలు కొనవు. నెలకు అయిదారు వందలతోనూ మొదలుపెట్టవచ్చు. అయితే ఇందులో హామీ లేదు. 2020 మార్చిలో కరోనా భయంతో వాటాల ధరలు ఎలా కుప్పకూలాయో చూశాం. అయిదేళ్లలోపు అవసరమయ్యే డబ్బు ఇందులో పెట్టరాదు. పదిహేను, ఇరవై ఏళ్లు ఆగగలిగే డబ్బుకే ఇది తగును. ఫలానా ఫండే కొనమని మేము చెప్పడం లేదు. ఇలాంటి దారి ఉందని మాత్రమే చెబుతున్నాం.

రోజుకు యాభై రూపాయలు

దినసరి సంపాదన వారికి నెల జీతపు లెక్క పనికిరాదు. రోజు లెక్క పెట్టుకోవాలి. రోజుకు 50 రూపాయలంటే నెలకు 1,500, ఏడాదికి 18,000. ఏ పెరుగుదలా లేకుండా దాచినా ముప్ఫై ఏళ్లకు 5,40,000 అవుతుంది. అదే సొమ్ము ఏటా 8 శాతం చొప్పున పెరిగిందనుకుంటే, పదిహేనేళ్లకు సుమారు 5.2 లక్షలు, ముప్ఫై ఏళ్లకు సుమారు 22.3 లక్షలు. కాలం రెట్టింపయితే మొత్తం నాలుగు రెట్లు దాటింది. 8 శాతం వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ముందు మొదలుపెట్టినవాడికి కాలమే కూలి లేకుండా పనిచేస్తుందని చూపడానికే ఈ ఉదాహరణ.

ఒక క్రమం పాటించాలి. మొదట మూడు నెలల ఇంటి ఖర్చును అత్యవసరానికి విడిగా పెట్టాలి. అది లేకపోతే మొదటి జ్వరానికే ఫైనాన్సు వాడి దగ్గరికి పరుగెత్తాలి, వడ్డీకి భయపడినవాడు వడ్డీలోనే మునగాలి. రెండవది, ఉన్న అప్పు తీర్చాలి. ఆ తరవాతే వృద్ధాప్యపు పొదుపు. ఇంటి ఆడవాళ్లు వేసే చిట్టీలు మంచి అలవాటే. అయితే పాట చిట్టీలో అవసరంలో ఉన్నవాడు ఎక్కువ వదులుకుంటాడు. అందరికీ సమానంగా, వంతులవారీగా లేక చీటీ తీసి ఇచ్చేది మేలు. చిట్టీ డబ్బు చేతికి వచ్చిన రోజునే అందులో పదో వంతయినా వృద్ధాప్యం వాటాకు వేయాలి. లేకపోతే అది ఫ్రిజ్జుగానో సోఫాగానో మారుతుంది.

హలాల్ పేరుతో వచ్చే వల

మన వడ్డీ భయమే మోసగాళ్లకు పెట్టుబడి. 2018లో మన నగరంలోనే హీరా గోల్డ్ మీద ఫిర్యాదులు వెల్లువెత్తాయి. దాని అధినేత అరెస్టయ్యారు. 2019 జూన్‌లో బెంగుళూరులో ఐ మానిటరీ అడ్వైజరీ కుప్పకూలింది. వేలాది కుటుంబాలు రోడ్డున పడ్డాయి. రెండు చోట్లా చెప్పింది ఒక్కటే: వడ్డీ కాదు, లాభంలో వాటా. రెండు చోట్లా డబ్బు పెట్టినవారిలో వితంతువులు, విరమణ సొమ్ము తెచ్చినవారు, ఆడపిల్ల పెళ్లికి దాచినవారు ఉన్నారు.

గుర్తుపట్టడం కష్టం కాదు. నిజమైన వ్యాపారంలో లాభం ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు. ప్రతి నెలా తప్పకుండా లక్షకు రెండు మూడు వేలు ఇస్తామన్నవాడు వ్యాపారం చేయడం లేదు. రేపటి మనిషి డబ్బు తెచ్చి నేటి మనిషికి ఇస్తున్నాడు. గడ్డం చూసి, పేరు చూసి, వేదిక మీద ఎవరి పక్కన కూర్చున్నాడో చూసి డబ్బు ఇవ్వకండి. సెబీ దగ్గర గాని, రిజర్వు బ్యాంకు దగ్గర గాని నమోదు ఉందా అని అడగండి. నమోదు లేకపోతే అక్కడితో మాట ఆపండి.

మెహర్, ఇల్లు, కాగితాలు

వృద్ధాప్యంలో ఎక్కువ కష్టపడేది స్త్రీలు. భర్త ముందు పోతే చేతిలో ఏమీ ఉండదు. వారికి షరియత్ ఇచ్చిన ఆస్తి మెహర్. నికాహ్‌నామాలో అంకె రాసి, భర్త మరణశయ్య మీద 'మాఫ్' చేయించుకోవడం మన ఇళ్లలో ఆచారమైపోయింది. మెహర్ అప్పు. బతికుండగా, చేతనైనప్పుడు కొంత కొంతగా తీర్చాలి. ఆ డబ్బుతో భార్య పేరున బంగారమో ఇంట్లో వాటానో ఉంటే అదే ఆమె వజీఫా.

రెండవ సంగతి ఇల్లు. అరవై దాటగానే 'ఇక నాకెందుకు' అని ఇంటిని కొడుకు పేరున హిబా చేసే తండ్రులున్నారు. హిబాలో స్వాధీనం కూడా అప్పగిస్తేనే అది పూర్తవుతుంది. అప్పగించాక అది మనది కాదు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, చూసుకోవాలన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే ట్రిబ్యునల్ ద్వారా రద్దు చేయించవచ్చు. కానీ ఆ షరతు దస్తావేజులో రాసి ఉంటేనే వాదన బలంగా నిలుస్తుంది. అసలు కోర్టు దాకా పోకుండా బతికున్నంత కాలం ఇల్లు తమ పేరునే ఉంచుకోవడం అన్నిటికన్నా మేలు. మన తరవాత ఎవరి వాటా ఎంతో షరియత్ ఎలాగూ నిర్ణయించింది.

మూడవది, ప్రైవేటు బడుల్లో పనిచేసే మా తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. గ్రాట్యుటీ టీచర్లకూ వర్తిస్తుందని 2009లో చట్టాన్ని సవరించారు. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందని తీర్పు చెప్పింది. పదిమంది లేక అంతకు మించి పనిచేసే బడిలో అయిదేళ్లు నిండితే అది మీ హక్కు. చివరి జీతం 10,000, సర్వీసు 15 ఏళ్లయితే 86,538 రూపాయలు వస్తాయి. నియామక పత్రం, జీతం రసీదులు జాగ్రత్తగా దాచుకోండి. కాగితం లేని హక్కు నిరూపించడం కష్టం.

మన సొసైటీలు చేయగలిగినది

జకాత్ ఇవ్వడం ఎంత అవసరమో జకాత్ అవసరం రాకుండా చేయడమూ అంతే అవసరం. నెలకు ఒక ఆదివారం మసీదు పక్క గదిలోనో బడి గదిలోనో ఇద్దరు చదువుకున్న యువకులు కూర్చుంటే చాలు. ఆసరా దరఖాస్తు నింపిపెట్టవచ్చు, ప్రావిడెంట్ ఫండు నంబరు వెతికిపెట్టవచ్చు, పింఛను పథకాల్లో చేర్పించవచ్చు, ఎవరైనా లాభాల కంపెనీ కాగితం తెస్తే చదివి చెప్పవచ్చు. ఆడవారి కోసం ఒక చదువుకున్న చెల్లెలు కూర్చుంటే ఇంకా మంచిది. దీనికి పెద్ద నిధులు అక్కరలేదు. మా వంతుగా ఉపాధ్యాయులం ఆ బల్ల దగ్గర కూర్చోవడానికి సిద్ధం.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు పెద్దలు. ఇది చదివేవారు ఇరవైలో ఉంటే ఈ నెలే మొదలుపెట్టండి. నలభైలో ఉంటే రెట్టింపు వేయండి. యాభై దాటితే అప్పులు తీర్చి, ఇంటి కాగితాలు సరిచేసుకుని, ఒక గది అద్దెకిచ్చే ఆలోచన చేయండి. ఏ వయసుకూ చేయగలిగినది కొంత మిగిలే ఉంటుంది. మన పెద్దలందరికీ చివరి ఊపిరి దాకా ఇచ్చే చేతినే అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.